నీళ్ళమామ రాసిన అర్జీ

ఈతకొలనులో ముప్పై ఏడేళ్ళ నుంచి పనిచేస్తున్న ఆ మనిషికి కాగితాల మీద ఉన్న హోదా పారిశుద్ధ్య సహాయకుడు. పొద్దున్నే వచ్చి, పొడుగాటి వల కర్రతో నీళ్ళమీద తేలే చెత్త తీసి, గట్టు కడిగి, పంపు వేసి, ఎవరి జుట్టు ఏ జాలీలో ఇరుక్కుందో చూసి తీయడం అతని పని. ఈత నేర్పడం అతని పని కాదు. నేర్పే అర్హత కూడా అతనికి లేదు. ఆ సంగతి చివరికి అతనికి లిఖితపూర్వకంగా తెలియజేశారు కాబట్టి, మనం మొదట్లోనే చెప్పేసుకుంటే ఒక పనైపోతుంది.

పిల్లలు అతన్ని నీళ్ళమామ అనేవారు. సాయంత్రాలు ఫీజు కట్టి, ఈత కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చే పిల్లలు కాదు. వాళ్ళకు అతని చీపురు తెలుసు గానీ ముఖం తెలియదు. నీళ్ళమామ అని పిలిచింది మంగళవారం పిల్లలు.

మంగళవారం కొలనుకు సెలవు. శుభ్రం చేసే రోజు. ఆ పని మామూలుగా సాయంత్రం దాకా పడుతుంది. నీళ్ళమామ సోమవారమే సగం లాగించేసి, మంగళవారం మధ్యాహ్నం రెండింటికల్లా ముగించేవాడు. బ్లీచింగ్ మాత్రం కలపకుండా ఆపేవాడు, పిల్లల కళ్ళు మండుతాయని. రెండు నుంచి నాలుగు దాకా అంత నీరూ ఎవరికీ చెందకుండా ఊరికే ఉండేది. ఆ రెండు గంటలనే అతను పన్నెండేళ్ళపాటు వారంవారం దొంగిలించాడు.

మొదలైంది తువ్వాళ్ళతో. కొలను తువ్వాళ్ళు ఉతికే లాండ్రీలో ఒకావిడ ఇస్త్రీ పని చేసేది. మొగుడేడని ఎవరైనా అడిగితే కాలుతున్న ఇస్త్రీపెట్టె చూపించేది, అడిగినవాళ్ళు నోరు మూసుకునేవారు. ఒక మంగళవారం ఇంట్లో చూసేవాళ్ళు లేక, తువ్వాళ్ళ మూటతో పాటు ఏడేళ్ళ కూతుర్ని కూడా చంకనేసుకుని వచ్చింది. ఆ పిల్లకు నడుము కింద కాళ్ళు ఉన్నాయి గానీ చెప్పిన మాట వినవు. తల్లి మూట అప్పజెబుతుంటే పిల్ల గట్టు మీద కూర్చుని కొలను అడుగున ఉన్న పలకలు లెక్కపెట్టింది.

"లోతెంత?" అని అడిగింది.

"నీ మెడదాకా," అన్నాడతను వల కర్ర ఆపకుండా.

"కూర్చుంటేనా, నిలబడితేనా?"

ఎవరికైనా ఠక్కున జవాబు చెప్పేవాడని పేరున్న మనిషి ఈసారి వల ఆపాడు. కర్ర పక్కన పెట్టాడు.

"చెల్లెమ్మా, పిల్లని ఒక్కసారి నీళ్ళలో దించనా?"

తల్లి బిత్తరపోయింది. ఆమె అవుననేలోపే పిల్ల చేతులు చాచేసింది.

ఆ సంగతి లాండ్రీ ఆవిడ ఇంకొకరికి చెప్పింది, ఆ ఇంకొకరు మరొకరి చెవిన వేశారు. మూడేళ్ళు తిరిగేసరికి మంగళవారం మధ్యాహ్నాలు పంపుగది వెనక తలుపు దగ్గర ఏడుగురు చేరేవారు. చూపులేని ఒక కుర్రాడు తనెక్కడున్నాడో అందరికీ తెలిసేలా ఈల వేస్తూ ఈదేవాడు. చేతులూ కాళ్ళూ కొయ్యబారిన ఇంకొకడికి పావుగంట నీళ్ళలో నానితే గానీ వేళ్ళు విచ్చుకునేవి కావు. విచ్చుకున్నాక మాత్రం అందరి మీదా నీళ్ళు చల్లి తిట్లు తినేవాడు. బళ్ళో ఆటల గంట కొడితే వీళ్ళందరికీ అప్పగించే పని ఒకటే, మిగతావాళ్ళ బూట్లకూ నీళ్ళసీసాలకూ కాపలా. ఇక్కడ కాపలా నీళ్ళమామది, ఆట వీళ్ళది.

మేనేజరుకు ఇదంతా తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. మంగళవారం సరిగ్గా రెండింటికి భోజనానికి ఇంటికెళ్ళి నాలుగున్నరకు వచ్చేవాడు. ఎప్పుడైనా ముందుగా రావలసివస్తే గేటు దగ్గరే నిలబడి గట్టిగా దగ్గేవాడు. మంచివాడే. ఈ కథలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు, వచ్చిన చిక్కల్లా అదే. ఉంటే నాలుగు తిట్లు తిట్టి మనసు తేలిక చేసుకునేవాళ్ళం.

నీళ్ళమామ నేర్పే పద్ధతి ఏ పుస్తకంలోనూ ఉండదు. మనిషిని వీపుకెత్తుకుని, భార్య కుట్టిచ్చిన వెడల్పాటి నూలు పట్టీతో నడుముకు బిగించి కట్టుకుని, కొలనులోకి దిగే ఐదు మెట్లూ పాదంతో తడుముకుంటూ దిగేవాడు. లోపలికి వెళ్ళాక పట్టీ విప్పి, మనిషిని నీళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టేవాడు.

"వదులు. ఒళ్ళు వదిలేస్తే నీళ్ళే మోస్తాయి. నా చేతులు నీ వీపు కిందే ఉన్నాయిగా," అనేవాడు.

ఉండేవి, నిజమే. వీపుకు నాలుగు వేళ్ళ కింద. తగిలించేవాడు కాదు. పిల్లలు చేతులాడిస్తూ వెనక్కి సాగుతుంటే పక్కనే నడుస్తూ, లోతు వచ్చాక తనూ ఒంటిచేత్తో ఈదుతూ, "ఇదిగో పట్టుకునే ఉన్నా, పట్టుకునే ఉన్నా," అని అబద్ధం చెబుతూ వెంట వెళ్ళేవాడు. పన్నెండేళ్ళలో నీళ్ళలో ఎవరినీ నిజంగా పట్టుకోవలసిన అవసరం రాలేదని అతని గర్వం. బతుకులో అతనికి గర్వపడటానికి ఇంకేం ఉందని?

లాండ్రీ ఆవిడ కూతురికి లెక్కల పిల్ల అని పేరు పడింది. పెద్దదై కాలేజీలో లెక్కలే చదువుతోంది. ఒక్కో చెయ్యి వేస్తే ఎన్ని పలకలు దాటుతుందో చూసుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తనకు అరవై రెండు చేతులు పడతాయని తేల్చింది. పైకి లెక్కపెట్టుకుంటూ ఈదేది. నలభై దాటాక గొంతు సన్నబడేది, యాభై దగ్గర భుజాలు మొరాయించేవి. యాభై నాలుగు దాకా వచ్చింది. ఇంకా ఎనిమిది. ఎవరూ మోయకుండా, తోయకుండా, అవతలి గట్టును ఒక్కసారి తన చేత్తో ముట్టుకోవాలి. ఆమె పట్టుబట్టి కోరుకున్నది అదొక్కటే. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. యాభై అని వినబడగానే చూపులేని కుర్రాడు ఈల ఆపేసేవాడు.

ఒక మంగళవారం పట్టీ కట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మామయ్యా, నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంకా నీ వీపెక్కడం ఏమిటి? నేనేమన్నా మూటనా?"

"మూటయితే ఇంత నోరుండేది కాదుగా."

ఆమె నవ్వలేదు. "మెట్టు మెట్టుకీ నువ్వు మూలుగుతున్నావు. నాకు వినబడుతోంది. నీళ్ళలోకి వాలుగా ఒక ర్యాంపు కట్టించమని అడుగు. చక్రాల కుర్చీతో సహా నేనే దిగిపోతాను. నీ నడుమూ మిగులుతుంది."

మాట నిజమే. అతనికి యాభై ఆరు. ఆ ఏడాది మెట్ల మీద రెండుసార్లు జారాడు. మొదటిసారి ఒక్కడే, మోచెయ్యి చీరుకుపోయింది. రెండోసారి వీపు మీద ఈ పిల్లే ఉంది. వెనక్కి పడితే పిల్ల నలిగిపోతుందని ముందుకు, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆమెకు గీరు కూడా పడలేదు. అతని కుడి మోకాలు మాత్రం ఆ తర్వాత సరిగ్గా వంగనంది.

పంపుగదిలో స్టూలు మీద కాగితం పెట్టుకుని మూడు మంగళవారాలు కూర్చున్నారు. లెక్కలు ఆమెవి, చేతిరాత అతనిది.

"ఒక్క అడుగు దిగాలంటే పన్నెండు అడుగుల పొడవుండాలి, రాయి. లేకపోతే కుర్చీ దూసుకెళ్ళి నన్ను అడుగున పలకల దగ్గరికి చేరుస్తుంది."

"రాశాను తల్లీ. పలకల సంగతి కూడా రాయనా?"

అర్జీ రెండు పేజీలు వచ్చింది. ఎంతమంది వస్తున్నారు, ఎప్పటి నుంచి, ఎవరెంత దూరం ఈదుతున్నారు, అన్నీ ఉన్నాయి. అంతా అయ్యాక నీళ్ళమామ కలం మూత పెట్టినట్టే పెట్టి, మళ్ళీ తీసి, కింద తన సొంతంగా ఒక వాక్యం చేర్చాడు. "ఈ మెట్ల మీద నేను పిల్లలను వీపున మోస్తూ దించుచున్నాను. ఇప్పటికి రెండుసార్లు జారాను. రెండోసారి వీపు మీద పిల్ల ఉన్నది."

లెక్కల పిల్ల చదివి ముఖం చిట్లించింది. "ఇది కొట్టెయ్ మామయ్యా."

"ఎందుకూ? నిజమేగా."

"నిజమే. అయినా కొట్టెయ్. మనం అడుగుతున్నది ర్యాంపు. నువ్వు జారిన సంగతి వాళ్ళకెందుకు?"

"నీకు తెలీదే పిచ్చిదానా. పైన ఉన్నవాళ్ళు లెక్కలు చూసి కదలరు. ఇలాంటిది చదివితేనే మనసు కరుగుతుంది."

ఇంటి దగ్గర భార్య కూడా కుట్టుమిషను ఆపి అదే మాట అంది. "పన్నెండేళ్ళు మూడో కంటికి తెలియకుండా సాగిందిగా. ఇప్పుడు నువ్వే వెళ్ళి దండోరా వేస్తావా?" అతను చెవిన వేసుకోలేదు. మంచి పని చేస్తున్నవాడికి దాన్ని ఎవరైనా ఒకసారి చూడాలనే ఆశ ఎక్కడో మూల ఉంటుంది. దానికి అతనొక్కణ్ణే ఏమంటాం?

మేనేజరు అర్జీ అందుకుని చివరి వాక్యం దాకా చదివాడు. కాగితం తిరిగి అతని ముందుకు జరిపాడు.

"ఏమయ్యా, ఇది నా చేతికిచ్చావంటే ఇక నాకు తెలిసినట్టే కదా. తెలిశాక నేను దగ్గి ఊరుకోలేను. తీసుకుపో. ఆ చివరి ముక్క లేకుండా ఇంకోటి రాసుకురా."

"అదే కదండీ అసలు ముక్క," అన్నాడు నీళ్ళమామ, ఎంతో లోకం తెలిసినవాడిలా.

మేనేజరు నిట్టూర్చి ముద్ర వేశాడు.

రెండు నెలలకు పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మేనేజరు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ముప్పై ఏడేళ్ళలో ఆ గదిలో అతన్ని కూర్చోమన్నది అదే మొదలు. మొదటి పేరా చదివితే ర్యాంపు మంజూరైంది. నీళ్ళమామ లేచి నిలబడిపోయాడు, పంపుగది వైపు పరిగెత్తేలా ఉన్నాడు.

"కూర్చో. ఇంకో పేరా ఉంది," అన్నాడు మేనేజరు.

రెండో పేరాలో ఇలా ఉంది. సదరు ఉద్యోగి స్వయంగా తెలియజేసిన ప్రమాదాల దృష్ట్యా, ప్రత్యేక అవసరాలు గల యువతను అర్హత పత్రం ఉన్న శిక్షకుడు లేకుండా నీటిలోకి అనుమతించరాదు. పారిశుద్ధ్య సిబ్బంది వారిని ఎత్తుట, మోయుట, తాకుట నిషిద్ధం. శిక్షకుని నియామకానికి ప్రకటన వేరుగా వెలువడును. ఉల్లంఘించినచో సర్వీసు ప్రయోజనాలు నిలిపివేయబడును.

"శిక్షకుడు ఎప్పుడొస్తాడు సార్?"

"రావాలనుకుంటే వస్తాడు. రెండు గంటల పని, వారానికొక రోజు. నువ్వయితే వస్తావా?"

"నేను వస్తున్నాను కదండీ పన్నెండేళ్ళుగా."

మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. నీళ్ళమామకు అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఎవరి మీద చూపించాలి? కింద ఉన్న సంతకం అతనిదే. ఆ వాక్యం రాసింది అతని చెయ్యే.

ఆ మంగళవారం వెనక తలుపు దగ్గర ఏడుగురికీ ర్యాంపు వచ్చిందని చెప్పాడు. రెండో పేరా చెప్పలేదు. సిమెంటు పని కదా, అయ్యేదాకా నీళ్ళలోకి దిగకూడదన్నాడు. కుర్రాళ్ళు కేకలు పెట్టారు. లెక్కల పిల్ల అతని చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఎన్నాళ్ళు పడుతుంది మామయ్యా?"

"నాలుగు నెలలు."

"ఇంట్లో నీళ్ళు నింపిన సీసాలెత్తి భుజాలు గట్టిపరుచుకుంటా. ఈసారి అరవై రెండూ ఖాయం. చూస్తూ ఉండు."

అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేకపోయాడు. తర్వాత ప్రతి వారమూ చెబుదామనుకున్నాడు. లాండ్రీ ఆవిడ తువ్వాళ్ళు తెచ్చినప్పుడల్లా, "అన్నయ్యా, అది సీసాలు పోయి ఇప్పుడు బకెట్లెత్తుతోంది, నా ఇల్లంతా తడి," అని మురిసిపోతూ చెప్పేది. అతను తువ్వాళ్ళు సర్దుతూ తల వంచుకునేవాడు. శిక్షకుడి కోసం రెండుసార్లు ప్రకటన వేశారు. పక్షి కూడా వాలలేదు.

ర్యాంపు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. గరుకు పలకలు, రెండు పక్కలా మెరిసే స్టీలు కడ్డీలు. ఆమె చెప్పిన కొలతకు అంగుళం తేడా లేదు.

ప్రారంభం రోజున గట్టు మీద కుర్చీలు వేశారు, రిబ్బను కట్టారు, మైకు పెట్టారు. ఏడుగురినీ పిలిచారు, ఫొటోకు కావాలి కదా. ఉతికిన యూనిఫాం వేసుకుని నీళ్ళమామ గోడవారన నిలబడ్డాడు. కొలనులో అతను తెల్లవారుజామున తేర్చిన నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

ర్యాంపు మంజూరు చేసిన పెద్దసారు మైకు అందుకున్నాడు. జేబులోంచి అర్జీ నకలు తీసి, ఆ చివరి వాక్యం పైకి చదివాడు. చదువుతూ మధ్యలో ఆగాడు. నటన కాదు, నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ మనిషి రెండుసార్లు జారాడు. మూడోసారి జారే అవకాశం ఇక్కడ ఉండదని మీకు మాటిస్తున్నాను," అన్నాడు. చప్పట్లు మోగాయి. పైన ఉన్నవాళ్ళ మనసు కరుగుతుందని నీళ్ళమామ అన్నాడు కదా. కరిగింది.

ఫొటో కోసం లెక్కల పిల్లను ఎంచుకున్నారు. మేనేజరు వచ్చి నీళ్ళమామ చెవిలో, "కుర్చీ వెనక నువ్వే పట్టుకో. ముందు చక్రాలు కాస్త తడిస్తే చాలు, అంతకుమించి ఒక్క జానెడు కూడా పోనివ్వకు," అన్నాడు.

అతను కుర్చీని నెమ్మదిగా ముందుకు దించాడు. చక్రాలు నీళ్ళను తాకాయి. ఫొటోగ్రాఫరు ఇంకొంచెం నవ్వమ్మా అంటున్నాడు. ఆమె వెనక్కి తిరగకుండా, పెదవులు కదిలీ కదలనట్టు అంది.

"మామయ్యా, వదిలెయ్. లోపల ఈతబట్టలు వేసుకొచ్చాను."

అతను తల వంచాడు. చూస్తే మెడ దగ్గర, కొత్త బట్టల కింద నీలిరంగు అంచు కనబడుతోంది. భుజాలు నాలుగు నెలల కిందటివి కావు. చక్రాల మీద చేతులు సిద్ధంగా ఉన్నాయి. అతను చెయ్యాల్సిందల్లా పిడికిళ్ళు విప్పడం. ఒక్క నిమిషంలో అవతలి గట్టుకు బయల్దేరుతుంది, అరవై రెండు చేతులు, అందరి కళ్ళ ముందూ. ఎవరాపగలరు?

అతనికి రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉంది. భార్యకు కళ్ళు మసకబారి కుట్టుపని తగ్గిపోయింది. ఉల్లంఘించినచో, అన్న మాట నెత్తిన కూర్చుంది. ఇవన్నీ అప్పుడు నిజంగా ఆలోచించాడో, తర్వాత తనకు తాను చెప్పుకోవడానికి పోగేసుకున్నాడో అతనికే తెలియదు.

"వద్దమ్మా. ఇవాళ వద్దు," అన్నాడు.

"మరెప్పుడు?"

కుర్చీ ముందుకు లాగినట్టయింది. ఆమె చక్రాలు తోస్తోంది. అతను వంగి బ్రేకు వేసి, రెండు చేతులతో పిడులు బిగించి పట్టుకున్నాడు. ఫొటో పడింది. చప్పట్లు మళ్ళీ మోగాయి. కుర్చీని వెనక్కి లాగేశాడు.

అందరూ టీ తాగుతుండగా తలుపు దగ్గర తల్లీకూతుళ్ళకు రెండో పేరా చెప్పాడు. నాలుగు నెలలుగా కడుపులో దాచుకున్నది నాలుగు ముక్కల్లో తేలిపోయింది. లాండ్రీ ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లెక్కల పిల్ల అంతా విని, కాసేపు అతని చేతులకేసి చూసింది.

"నీళ్ళలో నీ చేతులు ఎప్పుడూ నాకు తగల్లేదు మామయ్యా. పట్టుకోవడం లేదని నాకు మొదటి ఏడాదే తెలుసు. నువ్వు సంతోషపడతావని తెలియనట్టు ఉన్నాను," అంది. "నన్ను నిజంగా పట్టుకోవడం ఇదే మొదటిసారి."

తల్లి కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. చూపులేని కుర్రాడు ఏమైంది, ఏమైంది అని అందరినీ అడుగుతున్నాడు.

ఇప్పుడు మంగళవారం శుభ్రం చేసే పని సాయంత్రం దాకా పడుతోంది. తొందరేముంది? బ్లీచింగ్ డ్రమ్ములు మోయనక్కర్లేదు, ర్యాంపు మీద దొర్లిస్తే నీళ్ళదాకా వాటంతటవే పోతాయి. మోకాలికి హాయిగా ఉంది. లాండ్రీ ఆవిడ తువ్వాళ్ళు తెచ్చి బల్లమీద పెడుతుంది. అన్నయ్యా అనడం మానేసింది. ఒకసారి ఉండబట్టలేక, "అమ్మాయి ఎలా ఉంది చెల్లెమ్మా?" అని అడిగాడు.

"ఉంది," అందామె.

"భుజాలకు ఇంకా బకెట్లెత్తుతోందా?"

ఆమె మూట విప్పి, అన్నిటికన్నా అడుగున మడతపెట్టి ఉన్న, ఎప్పుడో తువ్వాళ్ళతో పాటు ఉతకడానికి వెళ్ళిన నూలు పట్టీ తీసి బల్లమీద పెట్టింది. ఉతికి ఇస్త్రీ చేసి ఉంది.

కొలను ముందుగదిలో ఆ రోజు ఫొటో పెద్దది చేసి తగిలించారు. కింద బంగారురంగు అక్షరాలతో 'నీరు అందరిదీ' అని రాసి ఉంది. ఫొటోలో పెద్దసారు ఉన్నాడు, మేనేజరు ఉన్నాడు, మధ్యలో నవ్వని అమ్మాయి ఉంది. కుర్చీ వెనక ఉన్న మనిషి తల అద్దపు చట్రంలో పట్టక కత్తిరించేశారు. చేతులు మాత్రం పడ్డాయి, కణుపులు తెల్లబడేలా పిడులు బిగించి. రోజూ పొద్దున్నే ఆ అద్దం తుడవడం కూడా నీళ్ళమామ పనే.